వెనక్కి గుంజుకుపోయిన కొస

తాతా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఈ రోజే మా పశువైద్య కళాశాలలో మేడం ఒక చిన్న కుక్కకు ఆపరేషన్ చేస్తుంటే మొదటిసారి పక్కన నిలబడి చూశాను. వెనక కాలి మడమ పైన స్నాయువు తెగింది. కండను ఎముకకు పట్టి ఉంచే తాడు అది. స్నాయువు అనే మాట నాకెంతో నచ్చింది, నీకు చెప్పాలనిపించింది.

మన కుక్క బుజ్జికి ఇనుప రేకు తగిలి తెగింది కూడా అక్కడే. గద్వాల ఇంట్లో నువ్వు మగ్గం మీది నుంచి లేచి వచ్చి దాని కాలు పట్టి చూశావు.

"దవాఖానకు తీస్కపోదాం బిడ్డా. తెగిన పోగు ఆడనే ఉండదు, ఎనక్కి గుంజుకపోతది. జల్ది అతకాలె."

కాలేజీలో సీటు వచ్చిన కొత్త గర్వం నాది. నవ్వాను.

"కుక్క కాలు గూడ మగ్గమేనా తాతా? తోలు తెగింది, గంతే."

పసుపు పెట్టి కట్టు కట్టాను. పది రోజులకు గాయం మూసుకుంటే నీకు గొప్పగా చూపించాను. బుజ్జి మాత్రం మడమ నేలకు ఆనించి కుంటుతూనే ఉండిపోయింది.

ఈ రోజు మేడం లోపలికి జారిన కొసను వెతికి పట్టుకుని, రెండు కొసలూ కలిపి కుడుతూ అడిగారు: "ఆలస్యమైతే ఏమవుతుంది?"

"కొస వెనక్కి గుంజుకుపోతుంది మేడం. మళ్లీ అందదు."

"బాగా చదివావే!"

మా తాత చెప్పాడని అనాల్సింది. తల ఊపి ఊరుకున్నాను తాతా.