గుమ్మం ముందు చెప్పులు

పింఛన్ల సారుకు, ఇబ్రహీంపట్నం నుంచి నమస్కరించి రాసుకుంటున్నది.

ఒంటరి మహిళల పింఛన్‌కు నేను పెట్టిన దరఖాస్తు కొట్టేశారని తెలిసింది. విచారణకు వచ్చినాయన గుమ్మం ముందు మగవాళ్ల చెప్పులు చూశారట. "నీ కొడుకు ఏడమ్మా" అని మా అత్తను అడిగితే, "పనికి పోయిండు, పొద్దుగూకితే వస్తడు" అన్నదట.

ఆ మాట నేర్పింది నేనే సారూ. నా భర్త మమ్మల్ని వదిలేసి పోయి ఆరేళ్లయింది. చుట్టూ ఇళ్ల ప్లాట్ల వెంచర్లు పడ్డాక ఎవరెవరో వచ్చి తలుపు కొడుతున్నారు. నేను కూలికి పోతే ఇంట్లో డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. అందుకే సంతలో ఆ చెప్పులు కొన్నాను. ఎవరూ తొడగలేదు, అడుగుభాగం చూస్తే మీకే తెలుస్తుంది. కొత్తవని కనిపెట్టకుండా వారానికోసారి పైన మట్టి పూస్తాను.

మళ్లీ ఎవరినైనా పంపండి, ఆడమనిషైతే మేలు. ఏ రోజో ముందే చెప్తే ఆ కాసేపు చెప్పులు లోపల పెడతాను. వాళ్లు పోగానే మళ్లీ బయట పెట్టుకోవాలి.

అత్తను మాత్రం ఏమీ అడగొద్దని చెప్పండి. అది నేను నేర్పిన అబద్ధమని ఆమె మరిచిపోయింది. నేను మట్టి పూసిన చెప్పులను రోజూ పొద్దుగూకే వేళకు కొంగుతో తుడిచి, కొడుకు కోసం ఎదురుచూస్తోంది.