మరక పడని కార్పెట్

కనకమామిడి

ప్రియమైన అవ్వకు,

నీ బిడ్డ వనిత రాసేది. ఫోన్ల మాట్లాడితే నీకు సగం ఇనబడదు, మిగిలిన సగం నువ్వే కల్పించుకుంటవ్. అందుకే రాస్తున్న.

నాకు ఏడో నెల పడ్డది. పెయ్యి మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు. తొలి కాన్పుకు పుట్టింటికే పోతనని శ్రవణ్‌కు చెప్పేసిన. నేను పనిచేసే ఫామ్‌హౌస్‌ల స్నిగ్ధ మేడం కార్పెట్లన్నీ మారుస్తున్నది. పాతదొకటి నాకిచ్చింది. ఎంత మంచిగున్నదో! చాయ్ ఒలికినా మరక పడదు, తుడిస్తే పోతది. పాల ఆటోల పంపుతున్న. మన అర్రల బండలు సలికాలం జివ్వుమంటయి కదా, పుట్టే బిడ్డకు కింద పరుద్దాం.

నీ వనిత

ప్రొద్దుటూరు

ప్రియమైన బిడ్డా,

కార్పెట్ ముట్టింది. తిట్టనంటే ఒక మాట చెప్త. దాన్ని మా అంగన్‌వాడీల పరిచిన. చిరిగిన చాపల మీద పోరగాళ్లు వణుక్కుంట కూసుంటే, ఆడ ఆయాగ పనిచేసేదాన్ని, నాకు పాణం ఒప్పలే. ఇప్పుడు దాని మీదనే తింటున్నరు, దాని మీదనే పంటున్నరు. పప్పు పారబోసుకున్నా గుడ్డతోని తుడిస్తే అయిపాయె! సత్తమ్మ మనుమరాలైతే కింద పడ్డ అటుకులు ఏరుకొని మరీ తింటది.

మన ఇంట్ల గొంగడి ఉన్నది, చాలు. నువ్వు జల్ది రా. నీకోసం అర్రకు సున్నం ఏయించిన.

మీ అవ్వ సక్కుబాయి

కనకమామిడి

అవ్వా,

ఇది చదవంగనే ఆ కార్పెట్ తీసెయ్. మేడం చుట్టాలతోని చెప్తుంటే విన్న. మరక పడకుండ దానికి ఒక మందు పట్టిస్తరట. అది దుమ్ముల కలిసి చేతుల నుంచి నోట్లెకు పోతదట, ఒంట్లకు పోతే ఏండ్లకొద్దీ ఉంటదట. పసిపిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్లకు మంచిది కాదంట. కొన్ని దేశాలల్ల అట్లాంటివి అమ్మొద్దని రూల్ పెట్టిండ్రట. మన దగ్గర అడిగేటోడే లేడు.

"మరి నాకెట్ల ఇచ్చిండ్రు మేడం?" అని అడిగిన. "అయ్యో, చెప్పడం మర్చిపోయాను వనితా" అన్నది. గంతే! నాకు ఏడుపు ఆగలే.

నీ వనిత

ప్రొద్దుటూరు

ప్రియమైన బిడ్డా,

జవాబు ఆలస్యమైంది.

నీ లెటర్ అందినప్పుడే కార్పెట్ తీసేసిన. సూపర్‌వైజర్ ఝాన్సీ మేడం కోపానికొచ్చింది. "తియ్యాలని ఏ రూల్‌ల ఉన్నది, చూపియ్" అన్నది. నేనేం చూపియ్యాలె? మందు సంగతి చెప్తే ఎవ్వరు నమ్మలే. "బిడ్డ కాన్పుకొస్తున్నదని ఇంటికి గుంజుకపోతున్నది" అని సత్తమ్మ నా మొఖం మీదనే అన్నది. పిల్లలు మళ్ల చాపల మీదికొచ్చిండ్రు.

దాన్ని ఏడ పారెయ్యాలె బిడ్డా? కాలబెడదామంటే పొగ భయం, చెరువుల ఏద్దామంటే నీళ్లు ఖరాబైతయి. చెత్త బండాయనకిస్తే తన ఇంట్ల పరుచుకుంటనని మురిసిండు. ఆయన ఇంట్ల గూడ పిల్లలే, మళ్ల గుంజుకున్న. పంచాయతీల అడిగితే నవ్విండ్రు. బయట పెడితే ఎవరో ఒకరు ఎత్తుకపోతరు, మంచిగున్నది కదా. కలెక్టర్‌కు అర్జీ పెట్టిన, ఇంక ఏ ముచ్చటా రాలే.

ఆఖరికి మన ఇంట్లనే పెట్టిన. మనకున్నదే ఒక్క అర్ర. రోజూ దాని పక్కనే పంటున్న.

నీ తలకు నూనె పెట్టాలని, నీ బిడ్డకు నా చేతులతోని నీళ్లు పొయ్యాలని ఎంత ఆశ పడ్డనో! మీ అత్తమ్మ దగ్గరనే ఉండు. కాన్పుకు ఇటు రాకు తల్లీ.

మీ అవ్వ