బొక్కెన తాడు ముడి

కామారెడ్డి,
ఆదివారం, 14-11-1937

చి. సౌ. గంగామణికి అత్త దీవెనలు. నేను క్షేమంగా చేరాను.

మీ మామ పేర వచ్చిన కార్డులో ఉన్నట్టే, ఆయనతో జర్మనీ యుద్ధంలో సర్కారు ఓడ మీద పనిచేసిన తొమ్మిది మందిలో ఐదుగురు నిన్న స్టేషను దగ్గరి సత్రంలో కలిశారు. ఆయన పోయి ఐదు నెలలైందని నేను చెప్పేదాకా వారికి తెలియదు. భోజనాల దగ్గర యాకూబు అనే ఆయన అడిగాడు: "ఒదినె, అన్న ఇంట్ల గూడ ముడికి ఒక మెలిక ఎక్కువ పెడుతుండెనా?"

"పెడుతుండె. బొక్కెన కట్టినప్పుడల్ల జానెడు తాడు దండుగ జేస్తడని కోపం జేసేదాన్ని" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఓడ పక్కకు రంగేసెటందుకు నన్ను తాడుకు కట్టి దించేటోడు అన్ననే. కింద సముద్రం. ఆ మెలిక నా పానం కోసం, ఒదినె."

బుధవారం బావి దగ్గరి పాత తాడు కోసి పారేయమని నీకు చెప్పి వచ్చాను. కోయవద్దు. మీ మామ చేతి ముడి ఇంట్లో అదొక్కటే మిగిలింది. బొక్కెనతో సహా తీసి నా గదిలో పెట్టు. పిల్లలను ముట్టనీయకు.

రామవ్వ దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? వడ్లు ఎండకు పోశావా?

యాకూబు దగ్గర ఆ ముడి నేర్చుకున్నాను. గురువారం బస్సుకు వచ్చి కొత్త బొక్కెన నేనే కడతాను. తాడు పన్నెండు బారలు తెమ్మన్నాను కదా, ఇంకొక జానెడు ఎక్కువ తెప్పించు.

పిల్లలకు దీవెనలు.

మీ అత్త,
నర్సవ్వ