ఎఫ్రెన్ ఉన్న గోడ

మార్చి 6, 1988. ఆదివారం

బేకరీ బిల్డింగ్ అమ్ముడుపోయింది. దోన్ ఎలిహియో ఇవాళ చెప్పాడు, నా మొహం చూడకుండా, రొట్టెలు సర్దుతూ. కొత్త ఓనరు అందులో ఫర్నిచర్ షాపు పెడతాడట. పక్క గోడ మీద బొమ్మలు వద్దట. మొత్తం బూడిద రంగు కొట్టిస్తాడట.

ఆ గోడ మీద బొమ్మలు నేనూ, నా స్నేహితుడు తాచో కలిసి వేసినవి. అప్పుడు మాకు ఒంటి నిండా పొగరు. బళ్ళో స్పానిష్ మాట్లాడితే చెంప పగిలేది మాకు, మెక్సికన్ పిల్లలకి. పుస్తకాల్లో మా మొహాలు ఎక్కడా ఉండేవి కావు. అందుకే ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఖాళీ గోడ కనబడితే చాలు, ఎక్కి మమ్మల్ని మేము వేసుకున్నాం. తిరగలి ముందు మా అమ్మమ్మ. లెట్యూస్ తోటల్లో నడుములు వంచిన ఆడవాళ్ళు. సమ్మె జెండాలు. పైన తాచో వేసిన గద్ద. మధ్యలో నిలువెత్తున ఎఫ్రెన్, తెల్ల చొక్కాలో.

ఎఫ్రెన్ మా వీధి పెద్దావిడ దోన్యా కాసిల్దా కొడుకు. వియత్నాం యుద్ధానికి వెళ్ళాడు. వాడూ రాలేదు, వాడి శవమూ రాలేదు. యూనిఫాం మాత్రం వేయొద్దని ఆవిడ అప్పుడే చెప్పింది. సమాధి లేదు కాబట్టి ఆదివారం చర్చిలో మాస్ అవగానే గోడ దగ్గరికొస్తుంది. తడిగుడ్డతో వాడి మొహం తుడుస్తుంది. ఇవాళ కూడా తుడిచింది. బిల్డింగ్ సంగతి ఆవిడకి చెప్పలేకపోయాను.

మార్చి 8

ఓనరు దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తుడే. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. బొమ్మలు బాగున్నాయి గానీ మరీ విచారంగా ఉన్నాయి, సోఫాలు కొనేవాళ్ళకి మూడ్ పోతుంది అన్నాడు. కావాలంటే ఫొటోలు తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు అన్నాడు. థాంక్స్ చెప్పి వచ్చాను. సిగ్గు లేదు నాకు, థాంక్స్ కూడా చెప్పాను.

మార్చి 10

లాయరుని అడిగాను. కేసు వేయొచ్చట. అది తేలేలోపు బూడిద రంగు కూడా ఆరిపోతుందట.

మార్చి 12. శనివారం

తాచో వచ్చాడు. వస్తూనే, "ఏం తల్లీ, గోడకి కర్మకాండలు మొదలెట్టావా" అన్నాడు. వాడి నోటికి మొదట్నుంచీ తాళం లేదు. కానీ ఇవాళ వాడే ఒక దారి చెప్పాడు.

గోడ మీద గ్వాడలూపే మాతని, మా మెక్సికోవాళ్ళ మేరీమాతని, వేసేద్దామట. ఈ పేటలో పోలీసు బండి మీద కూడా పేర్లు రాసే వెధవలు ఆవిడ బొమ్మ ముందు టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని పోతారు. అందుకేగా కిరాణా కొట్టువాళ్ళంతా షట్టర్ల పక్కన ఆవిడని వేయించుకునేది. "ఆ ఓనరు కూలీల్ని ఎక్కణ్ణించి తెస్తాడనుకున్నావే? మన వీధిలోంచే. వాళ్ళలో ఎవడికి చెయ్యి లేస్తుంది?" అన్నాడు.

ఎవడికీ లేవదు. నాకు నమ్మకం కుదిరింది. చాలా రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది.

మార్చి 13

మాత ఎక్కడ పట్టాలి అన్నదే తంటా. పైన వేస్తే ఎవరి కంటికీ ఆనదు. అంచున వేస్తే ఆ అంచు వదిలేసి మిగతాది కొట్టేస్తారు. నడి గోడ మీద ఉండాలి, పువ్వులు పెట్టే ఎత్తులో. చుట్టూ కిరణాలతో నిలువుగా పట్టాలి.

అలాంటి చోటు ఒక్కటే ఉంది. ఎఫ్రెన్ బూట్ల నుంచి తల దాకా తాచో టేపుతో కొలిచాడు. నేను అంకెలు రాసుకున్నాను.

మార్చి 15

దోన్యా కాసిల్దా ఊళ్ళో లేదు. చెల్లెలు కాలు విరగ్గొట్టుకుందని ఫ్రెస్నో వెళ్ళింది. ఫోన్ చేసి అడగొచ్చు. నంబరు కూడా ఉంది. అడిగితే వద్దంటుందని నాకు తెలుసు. అందుకే అడగలేదు.

మార్చి 18. సాయంత్రం

అయిపోయింది.

కింద నుంచి మొదలుపెట్టాను. బూట్ల మీద దేవదూత రెక్కలు. ప్యాంటు మీద గులాబీ రంగు అంగీ. చొక్కా మీద పైట, పచ్చా నీలం కలిసిన ఆ రంగు నాకు ఎప్పుడూ సరిగ్గా కుదిరేది కాదు. ఈసారి మొదటి పూతకే కుదిరింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు మొక్కజొన్న తమాలేలు తెచ్చిపెట్టారు. మంచి పని చేస్తున్నావు నియెవెస్, అన్నారు. తిన్నాను.

మొహం ఆఖరికి ఉంచాను. ఎఫ్రెన్ కళ్ళు ఉన్నచోటికే మాత పైట జారుతుంది. బ్రష్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నిచ్చెన కింద నుంచి తాచో, "ఏంటే, ఆగిపోయావ్?" అన్నాడు. కావాలంటే తనే ఎక్కి వేస్తానన్నాడు. వద్దన్నాను. నేను వేసిన కళ్ళు, నేనే మూయాలి అనుకున్నాను. మూశాను. చిన్న పని. అంత చిన్న పని అనుకోలేదు.

మార్చి 20. ఆదివారం

ఆవిడ వచ్చింది. బస్సు దిగి, సంచీతో నేరుగా గోడ దగ్గరికి. మాతని చూసి మోకాళ్ళ మీద కూర్చుంది. ముఖం వెలిగింది కూడా. అంతలోనే అటూ ఇటూ వెతికింది. "వాణ్ణి ఎటు జరిపావే అమ్మడూ?" అంది.

జరపడమట. గోడ మీద మనుషుల్ని జరపొచ్చనుకుంది.

కిందే ఉన్నాడు దోన్యా, భద్రంగా ఉన్నాడు, మాత పైట కింద దాచాను, ఈ గండం గట్టెక్కాక పైది తీసేస్తాను అన్నాను. ఎంత తియ్యగా చెప్పానో. ఆవిడ నా రెండు చేతులూ ముద్దు పెట్టుకుంది.

ఆక్రిలిక్ రంగు మీద ఆక్రిలిక్ రంగు పడితే రెండూ ఒకే చర్మం. పైది లేపితే కిందిదీ లేస్తుంది. ఇది నాకు తెలుసు, తాచోకి తెలుసు. ఆవిడకి తెలీదు.

మార్చి 24

కూలీలు వచ్చారు. తాచో చెప్పినట్టే మన వీధివాళ్ళే. మేస్త్రీ దోన్ లీనో. మాతని చూడగానే అందరూ టోపీలు తీశారు. నా గుండె ఎగిరి గంతేసింది.

తర్వాత రోలర్లు తీశారు.

మాతని ఎవరూ తాకలేదు. మిగతాదంతా కొట్టేశారు. మా అమ్మమ్మ మీద కొట్టారు. తోటల్లో ఆడవాళ్ళ మీద, జెండాల మీద, గద్ద మీద కొట్టారు. నేను అరిస్తే దోన్ లీనో నిచ్చెన దిగి వచ్చాడు. "నన్నేం చెయ్యమంటావ్ తల్లీ, ఇంట్లో నలుగురు తినాలి. ఆవిణ్ణి మాత్రం ముట్టుకోను, పని పోయినా సరే" అన్నాడు. అన్నట్టే, కిరణాల చివర్ల దగ్గర రోలర్ పక్కన పెట్టి, సన్న బ్రష్ తెచ్చుకుని, ఒక్క చుక్క కూడా ఆవిడ మీద పడకుండా వేశాడు. అంత శ్రద్ధగా నేను కూడా వేయలేదు.

తాచో ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు.

మార్చి 27. మట్టల ఆదివారం

బూడిద గోడ మధ్యలో మాత ఒక్కతే. కింద జనం మట్టలు పెట్టారు. ఓనరు వచ్చి చూసి సంతోషించాడు. ఆవిణ్ణి ఉంచేస్తాడట, ఇక పోకిరీలు గోడ జోలికి రారు కదా అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మేము గోడని కాపాడదామని ఆవిణ్ణి వేశాం. ఆవిడ తన్ను తాను కాపాడుకుంది. తప్పు ఆవిడది కాదు. ఎఫ్రెన్‌ని అలాగే ఉంచి ఉంటే వాడూ పోయేవాడు, మిగతావాళ్ళతో పాటు. ఇలా అనుకుంటే ఏమైనా తేలిక పడతానేమో అని చూశాను. పడలేదు. నేను వేయకపోతే వాణ్ణి వాళ్ళు మూసేవాళ్ళు. ఇప్పుడు నేను మూశాను.

మాస్ అయ్యాక దోన్యా కాసిల్దా వచ్చింది. "వాళ్ళు వెళ్ళిపోయారుగా అమ్మడూ, ఇక తియ్యి" అంది. ఎండ తగ్గాక తీస్తానన్నాను.

మార్చి 29

ఆవిడ తలుపు కొట్టింది. నేను ఇంట్లో లేనట్టు కూర్చున్నాను.

ఏప్రిల్ 1

పొద్దున వెళ్ళేసరికి దోన్యా కాసిల్దా స్టూలెక్కి, చెంచాతో మాత పైట గీకుతోంది. జనం పోగై తిడుతున్నారు. వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాను. పైట లేచింది, దానితో పాటే ఒక తెల్ల చొక్కా ముక్క, ఒక చెంప. వెనక సిమెంటు కనబడింది. "ఇంకా లోపలికున్నాడు" అంది. అవునన్నాను. స్టూలు కదలకుండా పట్టుకున్నాను.