తాళం వేసి, తాళంచెవి పైన పెట్టావు

సుభాషిణీ,

పప్పు కుక్కర్లో ఉంది, లేచాక వేడి చేసుకో. నేను కర్రీ పాయింట్ తెరవడానికి వెళ్తున్నాను.

మధ్యాహ్నం కదిరి నుంచి మీ చిన్నమామ వస్తున్నాడు. వచ్చీరాగానే "ఏమ్మే, నీ ఫోనిట్లియ్యి, తిరుగు రైలు చూసుకుంటా" అంటాడు. రైలొక్కటే చూసి ఊరుకునే మనిషి కాదు.

ఆ రెండో పెళ్లి సంబంధాల యాప్‌ను బాగానే దాచావు గానీ, దాని మెసేజీలు లాక్ వేసిన తెర మీదే కనబడుతున్నాయి. గల్లాపెట్టెకు తాళం వేసి, తాళంచెవి పైన పెట్టినట్టుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ నోటిఫికేషన్లు ఆపెయ్యి. లేకపోతే ఏదీ కుదరకముందే కదిరంతా చాటింపు వేస్తాడు. నేను వెతకలేదు, ఛార్జింగు పెడుతుంటే కంటబడింది.

దాచినందుకు కోపం లేదు, నా దగ్గర కూడా దాచావనే బాధ. కొడుకు పోయాక నాకు మిగిలింది నువ్వే. అలాగని నిన్ను పట్టి ఉంచుకుంటే అది బేరం కాదు, దోపిడీ.

అత్త

మరిచాను: నంద్యాల అబ్బాయి ఆదివారం రాయదుర్గం మెట్రో దగ్గర కలుద్దామా అని అడుగుతున్నాడు. ఆదివారం కొట్లో నేనొక్కదాన్నే చూసుకుంటాను, నువ్వు రావద్దు.