అత్తయ్య పదో వంతు

అత్తయ్యా, బల్ల మీదున్న కాగితంపై సంతకం చేసి, మధ్యాహ్నంలోపు బొమ్మల కంపెనీలో ఇచ్చేయండి. ఇవాళే ఆఖరు.

"నా వంద షేర్లు ఎవరూ ముట్టుకోరుగా, నాకేంటి?" అన్నారు నిన్న. ముట్టుకోరు, నిజమే. కానీ ఇప్పుడున్న వెయ్యికి తోడు కంపెనీ ఇంకో వెయ్యి కొత్తగా జారీ చేస్తోంది. అప్పుడు మీ పదో వంతు కాస్తా ఇరవయ్యో వంతవుతుంది. ముప్పై ఏళ్లు అక్కడ బొమ్మలకు కళ్లు దిద్దిన మీ మాటకి సగం బరువే మిగులుతుంది. కొత్తవి ముందు ఇప్పటికే షేర్లున్నవాళ్లకే ఇస్తారట. ఆ కాగితంతో ఇంకో వంద తీసుకుంటే మీ వాటా చెక్కుచెదరదు. డబ్బు నా బోనస్‌లోంచి కట్టేశాను, కోప్పడకండి.

ఇదంతా నిన్ననే చెబుతుంటే హాయిగా కునుకు తీశారు. అందుకే ఈ రాత.

— మీ కోడలు

మరో మాట: మీటింగులో మీరు మేనేజరుని నిలదీస్తుంటే చూడ్డం నాకు భలే ఇష్టం. ఇంట్లో నన్ను నిలదీసేటప్పుడే కాస్త కష్టం.