మలుపు తిరిగాక

టాండిల్, మంగళవారం

ఎవరిస్తో బావగారికి,

"మలుపులు ఆడవాళ్ళకు చేతకావు, ఇటివ్వమ్మాయ్" అంటూ పోయిన నెల విమానాల క్లబ్బు విందులో నా రిమోట్ లాక్కున్నారు. నేను రెండేళ్ళు కూర్చుని చేసుకున్న బుల్లి విమానం అది. మలుపు బాగానే తిప్పారు. తిరిగి మనవైపు వస్తుంటే మాత్రం కుడి ఎడమలు తారుమారవుతాయని మరిచారు. "వాలిన రెక్క వైపే మీట నెట్టండి బావగారూ!" అని నేను అరిస్తే, "నువ్వూరుకో!" అన్నారు. అది మాంసం కాలుతున్న పొయ్యిలో పడి రెక్కలు కాలిపోయాయి.

గాలి తోసేసిందని క్లబ్బుకు రాశారట. ఆ రోజు పొయ్యి పొగ నిటారుగా లేచింది, అందరూ చూశారు.

రెక్కలు మళ్ళీ చేసుకున్నాను. కొత్తవాళ్ళకు విమానం నడపడం నేర్పమని క్లబ్బు నన్నడిగింది. జాబితాలో మొదటి పేరు మీదే రాశాను.

గౌరవంతో,
మీ మరదలు